తాంబూలం అందని సేనాని

చిలుకేటి ఉత్తరపుటొడ్డున, ఎర్రమట్టి గుట్టల నడుమ మూడు ప్రాకారాలతో నిలిచిన మోదుగువీటి పట్టణం ఆ వసంతంలో చూసినవారిని కన్ను తిప్పుకోనివ్వలేదు. కోట చుట్టూ మోదుగులు ఆకు రాల్చి నిలువెల్లా పూశాయి. ఉత్సవంలో చల్లుకున్న రంగునీళ్ల మరకలు రాజవీధి గోడల మీద ఇంకా ఆరలేదు. తూర్పుకొండ మీది మోదుగులమ్మ గుడిలో గంట మోగితే పశువుల సంతలో బేరమాడుతున్నవారు సైతం మాట ఆపి అటు తిరిగి మొక్కేవారు. ఈ పట్టణం మరో రెండు వసంతాలు చూడదని ఆనాడు ఎవరైనా అని ఉంటే, వాడికి ఎండదెబ్బ తగిలిందనుకుని జనం మజ్జిగ పోసి పంపేవారు.

ఆ మధ్యాహ్నమే రాజుగారి గజశాలలో ముగ్గురు మనుషులు మాట్లాడుకున్నారు. రహస్యాలకు మోదుగువీటి రాజులు ఆ చోటునే ఎంచుకునేవారు. ఏనుగుల గొలుసుల చప్పుడులో నాలుగడుగుల అవతలివాడికి మాట వినబడదు. ముగ్గురిలో ఒకరు రాజు సింగదేవుడు. రెండవవాడు మహామంత్రి కొమ్మన ప్రెగడ. మూడవవాడు సేనాని బొప్పన నాయకుడు. రాజుతో కలిసి ఒకే గురువు దగ్గర కత్తి నేర్చినవాడు, రాజు కోసం రెండుసార్లు ఒంటిమీద బల్లెపు పోటు తిన్నవాడు.

మాట నది అవతలి నాగులవంక రాజ్యం గురించి. అక్కడి రాజు చోడముడి మీద ప్రజలు తిరగబడ్డారు. జగ్గన అనే రైతు వారిని కూడగట్టి ఊళ్లకు ఊళ్లు పట్టుకుని, చివరికి రాజును కోటలోకి తరిమి చుట్టూ కూర్చున్నాడు. ఆదుకోమని చోడముడు సింగదేవుణ్ణి వేడుకున్నాడు. సాయం పంపుదామంటే ఒక చిక్కుంది. వీరిద్దరికీ పైన దక్షిణ సార్వభౌముడున్నాడు. ఆయన ముందు సింగదేవుడు చిలుకేటి నీళ్లు దోసిట పట్టి, తన సేన ఏనాడూ ఆ నది దాటదని ప్రమాణం చేశాడు. దాటితే ఏమవుతుందో సార్వభౌముడు నోటితో చెప్పలేదు. ఆయన వెనక నిలిచిన ఏనుగుల బారు చూసినవారికి చెప్పనవసరం లేకపోయింది.

"కనుక మోదుగువీటి సేన నది దాటదు" అన్నాడు కొమ్మన ప్రెగడ, ఉత్తరీయం సర్దుకుంటూ. "దాటేవారు కూలికి కత్తిపట్టే దేశదిమ్మరులు. వారి కత్తులకు మన ముద్ర ఉండదు, చేతిలో మన ధ్వజం ఉండదు, నోట మన పేరు ఉండదు. గెలిస్తే చోడమరాజు గెలిచినట్టు."

"ఓడితే, ప్రెగడగారూ?" అన్నాడు బొప్పన.

"ఓడితే ఎవరూ ఓడనట్టు."

ఈ కొమ్మన చెడ్డవాడు కాడు. చెడ్డవాడయితే రాజ్యం ఇంకొంత కాలం బతికేదేమో. వాడు తెలివైనవాడు, తన తెలివిని చూసుకుని తానే మురిసిపోయేవాడు. అటువంటివాడు మంత్రిగా ఉన్నచోట రాజుకు తన కళ్లతో చూసుకునే అలవాటు పోతుంది.

బొప్పన రాజు వైపు తిరిగాడు. "దేవరా, నాగులవంక జనం ఊరికే తిరగబడలేదు. చెరువునీటికి పన్ను వేసి, కట్టలేనివాడి మడికి తూము మూయించాడు ఆ చోడముడు. కళ్లముందు పైరు ఎండిపోతే రైతు కొడవలి పట్టాడు. నేను వెళ్లి ఆ కొడవలి మీద కత్తి దూయాలి. న్యాయమేనా?"

సింగదేవుడు పక్కనున్న ఏనుగు తొండం నిమురుతూ నిలబడ్డాడు. "న్యాయం కాదు బొప్పనా. నాకూ తెలుసు. కాని ఆ ఒడ్డున రైతులు రాజును దించితే, ఈ ఒడ్డున నా రైతులు నన్నెందుకు ఉంచాలా అని ఆలోచిస్తారు. నాగులవంక గుండా దక్షిణానికి పోయే కొండదారి జగ్గన చేతికి పోయి, అతను సార్వభౌముడి పంచన చేరితే, దక్షిణసేన మన గుమ్మంలో దిగుతుంది. నాకు మంచివాడు అక్కరలేదు. అడ్డుగోడ కావాలి. చోడముడే నాకున్న గోడ."

అటువంటి మాట దాపరికం లేకుండా చెప్పినందుకే బొప్పన తలవంచాడు. కాని ఒకటి అడిగాడు. "అయితే తాంబూలం ఇప్పించండి, దేవరా."

మోదుగువీటి ఆచారం ఇది. సేనాని యుద్ధానికి పోయేముందు నిండుసభలో రాజు తన చేత్తో తాంబూలం ఇవ్వాలి. సేనాని కళ్లకద్దుకుని పుచ్చుకోవాలి. అక్కణ్ణుంచి అతని కత్తి చేసిన పని రాజు చేసిన పని. అతను పడిపోతే వీరశిల నిలిపి, ఆ ఇంటి ఆడదాని ముందు తలవంచడం రాజు వంతు. తాంబూలం లేకుండా కత్తి దూసినవాడు వట్టి హంతకుడు.

సింగదేవుడి చేయి నడుముకున్న తాంబూలపు సంచి మీదికి పోయింది. కొమ్మన ప్రెగడ మెల్లగా దగ్గాడు. చేయి ఆగింది.

"తిరిగి రా, బొప్పనా. నిండుసభలో, అందరూ చూస్తుండగా నా చేత్తో ఇస్తాను. మోదుగులమ్మ మీద ఆన."

"చిత్తం" అన్నాడు బొప్పన. ఆ మనిషికి అంతకన్న పెద్ద మాట చేతకాదు.

సేనాని కాశీయాత్రకు పోతున్నాడని ఊళ్లో చాటించారు. తోడుగా మూడువందలమంది పోతున్నారన్నారు. అంతమంది బలిష్ఠులకు ఒక్కసారిగా గంగాస్నానం మీద భక్తి పుట్టుకురావడం చూసి ఊరివారు ముక్కున వేలేసుకున్నారు. బొప్పన భార్య ముప్పమాంబ మాత్రం ఏమీ అడగకుండా మూట కట్టింది. కట్టి, దాని అడుగున ఆయన దాచిన సానరాయి బయటికి తీసి ఆయన ముందు పెట్టింది.

"కాశీలో సానరాళ్లు దొరకవనా, ఇంత బరువు మోసుకుపోతున్నారు?" అంది నవ్వుతూ.

బొప్పన పట్టుబడ్డ దొంగలా చూశాడు. ఆమె నవ్వు ఆపి రాయిని మళ్లీ మూటలో పెట్టేసింది. "నాకు చెప్పొద్దు. చెప్పకూడనిదైతే నేను విననే వినను. తాంబూలం ఇచ్చారా, అది చెప్పండి చాలు."

"వచ్చాక ఇస్తారు."

ముప్పమాంబ ముఖం చూసి బొప్పన చప్పున వీధిలోకి నడిచాడు. ఇంకొంచెంసేపు నిలబడితే వెళ్లలేనని అతనికి తెలుసు.

రాత్రివేళ దొడ్డిదారిన నాగులవంక కోటలోకి చేరిన వారికి గొప్ప స్వాగతమేమీ లేదు. చోడమరాజు లావుపాటి భయస్తుడు. ధాన్యపు కొట్టు తాళంచెవులు మొలకు కట్టుకుని తిరిగేవాడు, కోటలో పిల్లలు గంజికి ఏడుస్తున్నా ఆ తాళాలు తీసేవాడు కాడు. బొప్పన గోడలు నిలబెట్టాడు, బురుజులు కాచాడు, జగ్గన మనుషులు నిచ్చెనలు వేసిన ప్రతిసారీ తోసి పడేశాడు. పడినవాళ్లలో ముసలి రైతులుండేవారు. వాళ్ల చేతుల్లో కత్తులకన్న పారలే ఎక్కువ ఉండేవి. ఒకనాడు బొప్పన చోడముడి దగ్గరకు పోయి, "మహారాజా, తూములు తెరుస్తామని ఒక్క మాట చాటించండి, సగంమంది ఇళ్లకు పోతారు" అన్నాడు.

"కూలికి వచ్చినవాడివి, కూలిపని చెయ్యి" అన్నాడు చోడముడు.

బొప్పన మనుషులు ఏ దేశంవారో కోటలో ఎవరికీ తెలియదు. యాస మార్చి మాట్లాడారు, పేర్లు మార్చుకున్నారు, కత్తిపిడుల మీది మోదుగుపూవు ముద్రను ఆకురాయితో అరగదీశారు. ప్రెగడ అన్నీ ఆలోచించి పెట్టాడు. అయితే ప్రెగడ ఎన్నడూ సైనికులతో కలిసి అన్నం తిన్నవాడు కాడు.

మోదుగువీటి సైనికుడు ఏ దేశంలో ఉన్నా, అన్నం ముందు కూర్చోగానే తన కొండ ఎటుందో చూసుకుని అటు తిరుగుతాడు. మొదటి ముద్ద నేలమీద పెడతాడు. అది మోదుగులమ్మది. తల్లి అన్నప్రాశన నాడు బిడ్డ చేత పెట్టించే ముద్ద అది. ఊపిరి పీల్చడానికి ఎవరి అనుమతీ అక్కరలేనట్టే దానికీ ఆలోచన అక్కరలేదు. ఆ ముద్ద పెట్టకుండా తిన్నవాడు తల్లిని కాదన్నవాడు. తలకొక పేరు, తలకొక యాసతో వచ్చిన ఆ మూడువందల దేశదిమ్మరులు, కోట మూడో వాకిట గంజి పోసుకున్నప్పుడల్లా అందరూ కలిసి ఈశాన్యానికి తిరిగేవారు. గంజి పోసే వంటమనిషి అది చూసింది. ఆమె మడి కూడా ఎండినదే. నీళ్లకు కోట దిగినప్పుడు ఆ మాట జగ్గనకు చేరవేసింది.

కోటను చివరికి పట్టింది జగ్గన కాదు, కోటలోని ఆకలి. కోటజనమే ఒక ఉదయం ద్వారం తెరిచి జగ్గనను లోపలికి పిలిచారు. చోడముడు మొలతాళాలతో సహా దొడ్డిదారిన పారిపోతూ కందకంలో పడి చచ్చాడు. పారిపోవడానికి దారి ఉండి కూడా నిలబడి పోరాడినవారు బొప్పన మనుషులే. సగంమంది అక్కడే కూలారు. మిగిలినవారితో పాటు, తలకు దెబ్బతగిలి తెలివి తప్పిన బొప్పన పట్టుబడ్డాడు.

జగ్గన వారిని అక్కడే చంపి ఉండవచ్చు. చంపకుండా, బొప్పనను సంకెళ్లతో తీసుకుని నది దాటి మోదుగువీటి సభకే వచ్చాడు. వెంట సార్వభౌముని రాయబారి విఠ్ఠలార్యుడు వచ్చాడు; సన్నగా, పొట్టిగా ఉండి, ఎక్కువ చూసి తక్కువ మాట్లాడే మనిషి.

సభ కిక్కిరిసింది. తెరవెనక రాణివాసపు స్త్రీల మధ్య ముప్పమాంబ కూర్చుని ఉంది. సంకెళ్ల మనిషిని చూడగానే ఆమె తెరకు దగ్గరగా జరిగింది.

"రాజుగారూ" అన్నాడు జగ్గన, పొలాల్లో ఎండి గరుకెక్కిన గొంతుతో. "నేను సభల్లో మాటాడ్డం తెలిసినోణ్ణి కాదు. ఈయనా, ఈయన మనుషులూ మా వాళ్లను చానామందిని చంపారు. అయినా నాకు వీళ్ల మీద పగలేదు. మొనగాళ్లు. ఎవరో పంపితే వచ్చారు. ఆ పంపినోళ్లు 'నేనే పంపాను' అని ఈ సభలో ఒక్క మాట అననీండి. అందరినీ ప్రాణాలతో నది దాటించి ఒప్పగిస్తాను. కాదంటే వీళ్లు ఏ రాజూ లేని బందిపోట్లు. బందిపోటుకు మా ఊళ్లో కొరత వేస్తారు, పదునుకొయ్యకు గుచ్చుతారు."

సింగదేవుడు రాయబారిని చూశాడు. రాయబారి నోటితో అనవలసిన అవసరమేముంది? ఔనంటే ప్రమాణం తప్పినట్టు, దక్షిణసేన నది దాటినట్టు, ఈ పట్టణం బూడిదైనట్టు. కాదంటే బొప్పన కొరత మీద. ఆ సింహాసనం మీద ఆ క్షణాన కూర్చున్న మనిషిని తిట్టాలనే ఉంటుంది నాకు. తిట్టబోయేసరికి ఆ చోట నన్ను నేను చూసుకుని ఆగుతాను.

రాజు నోరు విప్పేలోగా సంకెళ్ల మనిషే నవ్వాడు. "ఎవరీ రాజు? నాకు తెలియదు. చోడముడు కూలి ఇస్తానన్నాడు, వచ్చాను. నేను దొంగను. నా వెంట ఉన్నవారూ అంతే."

"అయితే ఒక్కటి" అన్నాడు జగ్గన. "పట్టుబడింది మొదలు ఈయన మెతుకు ముట్టలేదు. పెడితే వద్దంటాడు. ఎందుకో నాకు తెలుసు. ఇక్కడే, ఈ సభలో అన్నం పెట్టించండి. మొదటి ముద్ద ఎటు పోతుందో చూద్దాం."

విస్తరి వచ్చింది. వేడన్నం, పప్పు, నెయ్యి. తూర్పు వాకిలి బార్లా తెరిచి ఉంది. అందులోంచి మోదుగులమ్మ కొండ, కొండమీద గుడి, గుడిమీద ధ్వజం స్పష్టంగా కనబడుతున్నాయి. బొప్పన సంకెళ్ల చేతితో అన్నం కలిపాడు. ముద్ద చేశాడు. చేయి తనంత తానే తూర్పుకు కదిలింది, నేలకు జానెడు ఎత్తున ఆగింది. ఆ చేయి ఒక్క ముద్ద నేలమీద పెడితే చాలు. నిజం బయటపడుతుంది, తనూ తనవారూ బతుకుతారు, ఈ సభలో ఉన్నవారందరూ చస్తారు.

బొప్పన ఆ ముద్దను నోట్లో పెట్టుకున్నాడు.

నమిలాడు, మింగాడు. కొండ వైపు కన్నెత్తకుండా ఆకలిగొన్న దొంగ తిన్నట్టే విస్తరంతా ఊడ్చి తిన్నాడు. తెరవెనక ముప్పమాంబ పైటకొంగు నోట్లో కుక్కుకుంది. ఆయన కత్తిపోట్లు తిన్నప్పుడు చూసింది ఆమె. ఈ అన్నం తిన్నంత కష్టపడడం ఎన్నడూ చూడలేదు.

"ఈ మనిషిని నేనెరుగను" అన్నాడు సింగదేవుడు. ఆ గొంతు రాజు గొంతులా లేదు.

జగ్గన తల దించుకున్నాడు. "ఓడిపోయాను దొరా. ఈయన గెలిచాడు. గెలిచినందుకు చావాలి, ఏం చేస్తాం."

బొప్పన లేచి నిలబడి చేతులు జోడించాడు. "మహారాజా, దొంగదొక మనవి. కడుపునిండా అన్నం పెట్టించారు. భోజనమయ్యాక అతిథికి తాంబూలం ఇవ్వడం మర్యాద. ఒక్క ఆకు మీ చేత్తో ఇప్పించండి."

రాజు పక్కన బంగారు పళ్లెంలో ఆకులూ వక్కలూ ఉన్నాయి. సింగదేవుడి చేయి పళ్లెం మీదికి పోయింది, ఆకును తాకింది కూడా. అప్పుడు కొమ్మన ప్రెగడ మెల్లగా దగ్గాడు. రాయబారి కళ్లు రాజు చేతిమీదే ఉన్నాయి. ఆ చేయి ఆకును వదిలి ఒడిలోకి వెనక్కి వచ్చింది.

"చిత్తం" అన్నాడు బొప్పన, గజశాలలో అన్నట్టే. ఆ ఒక్క మాట అతని పాత యాసలోనే వచ్చింది.

అతన్ని తీసుకుపోయారు. విఠ్ఠలార్యుడు సెలవు తీసుకుంటూ వాకిట్లో కొమ్మన ప్రెగడ దగ్గర ఆగాడు. "ప్రెగడగారూ, దొంగను తెస్తే జనం మొహం చూడడానికి ఎగబడతారు. మీ సభలో ఒక్కరూ ఆ మనిషి మొహం చూడలేదు. అందరూ నేల చూశారు. మీ రాజు కాదన్నారని సార్వభౌములకు చెబుతాను. ఇదీ చెబుతాను."

కొమ్మన కూడా నేల చూశాడు.

చిలుకేటి దక్షిణపు ఇసుకలో కొరతలు పాతారు. ఈ ఒడ్డునుంచి చూస్తే కనబడతాయి కనుక ఆ వైపు రేవుకు నీళ్లకు పోవద్దని రాజాజ్ఞ అయింది. అన్నిటికన్న క్రూరమైనది ఆ తర్వాత జరిగింది. ఊరి లెక్కకు బొప్పన కాశీలో ఉన్నాడు. మూడువందలమందీ కాశీలో ఉన్నారు. కాశీలో ఉన్నవాడి భార్య బొట్టు చెరుపుకోకూడదు, గాజులు తీయకూడదు, ఏడవకూడదు. పండుగలకు పేరంటాలకు పిలుపులు వచ్చేవి, ముప్పమాంబ వెళ్లేది. కాళ్లకు పసుపు రాయించుకుని, పూలు పెట్టించుకుని వచ్చేది. ఆమె వెంట ఆ సైనికుల భార్యలు కూడా. వారు వీధిలో నడుస్తుంటే గాజుల చప్పుడు విని మగవాళ్లు ఇళ్లలోకి తప్పుకునేవారు.

ఒకనాడు సింగదేవుడు ఆమెను పిలిపించి, రహస్యంగా ఒక వీరశిల వేయిస్తానన్నాడు.

"ఎవరికి దేవరా?" అంది ముప్పమాంబ. "మీరెరుగని మనిషికా?"

మరుసటి వేసవికి సార్వభౌముని సేన నది దాటింది. దండెత్తాలని ముందే అనుకున్నవాడికి రుజువుతో పనేమిటి? రాయబారి చెప్పింది సరిపోయింది. ఆ సేనకు కొండదారి చూపింది జగ్గనే. కొమ్మన ప్రెగడ అప్పటికే కాశీకి బయలుదేరాడు. ఈసారి ఎవరూ చాటించకుండా, నిజంగానే.

దక్షిణద్వారం ముందు ఏనుగులు బారులు తీరిన పూట సింగదేవుడు నిండుసభలో బంగారు పళ్లెం చేతపట్టి సింహాసనం దిగాడు. "వీరులారా! ద్వారం కాచేవారు ముందుకు రండి. మోదుగువీటి మానం కాపాడేవారు నా చేతి తాంబూలం అందుకోండి!"

సభలో నాయకులందరూ ఉన్నారు. కత్తులున్నాయి, చేతులున్నాయి. ఒక్క చేయీ ముందుకు రాలేదు. పిరికితనం కాదది. ఆ పళ్లెం ఒకసారి ఎవరిముందు వెనక్కి పోయిందో వారు చూశారు. రాజు ఒక్కొక్కరి ముందూ నిలబడ్డాడు. ఒక్కొక్కరే నేల చూశారు, ఆనాడు చూసినట్టే.

అప్పుడు తెర తొలగించుకుని ముప్పమాంబ సభ మధ్యకు వచ్చింది. "నా భర్తకు ఇస్తానన్న తాంబూలం ఒకటి మీ దగ్గరుంది. వచ్చాక ఇస్తామన్నారు. ఆయన రాలేదు. నేనొచ్చాను. ఎవరికిస్తున్నారో చెప్పి ఇవ్వండి."

సింగదేవుడు పళ్లెంలోంచి ఆకు తీశాడు. ఈసారి దగ్గేవాడు లేడు.

"నా సేనాని బొప్పన నాయకుడికి" అన్నాడు, సభ చివరిదాకా వినబడేట్టు. "నది దాటమని పంపింది నేను. అతను నా మనిషి, అతని వెంట పోయినవారందరూ నా మనుషులు. ఎరుగనన్నది నేనే, ఆకు ఇవ్వనిది నేనే." అంటూ ఏడ్చాడు, దాచుకోకుండా. ఏడుస్తూనే ఆమె ముందు తలవంచాడు.

ముప్పమాంబ తాంబూలం అందుకుంది. కళ్లకద్దుకుంది. కొండవైపు తిరిగి నేలమీద పెట్టింది. తర్వాత సభాస్తంభం దగ్గరకు నడిచి, ఇంతకాలం మోసిన గాజులను రెండు చేతులా దానికేసి కొట్టుకుంది. తెరవెనకనుంచి, వాకిళ్లనుంచి, బయట వీధుల్లోంచి మూడువందల ఇళ్ల ఆడవాళ్లు ముందుకు వచ్చారు. వారికి ఏడవడానికి అనుమతి దొరికింది. ఆ గాజుల చప్పుడు ఎంతసేపటికీ ఆగలేదు. ఆగేసరికి దక్షిణద్వారం విరిగిపోయింది.